లాప్‌టాప్ లేవకపోతే – ఫైలు ఏ సీటు దగ్గర ఆగింది?

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం వ్రాస్తానంటే బొబ్బిలి యుద్ధం గురించే అయి ఉంటుందని చాలామంది అనుకొన్నారు. 1757 జనవరి 24 నాటి ఆ కథ మన ఊళ్ళో చిన్నపిల్లలకు కూడ తెలిసినదే. నేను వ్రాయదలచినది అంతకన్న చాల చిన్నది, మన ఇళ్ళలోనే అటకెక్కి కూర్చున్నది. మీట నొక్కగానే కంప్యూటరు ఎలా మేల్కొంటుంది, ఆ పద్ధతి ఎప్పుడెప్పుడు ఎలా ఏర్పడింది, మేల్కోకపోతే మనం ఎక్కడ చూడాలి అన్నదే విషయం. ఇది పిల్లల వ్యవహారం, మనకెందుకని పేజీ తిప్పవద్దని మనవి. మన సర్వీసు రిజిస్టరు నకళ్ళు, పిల్లల పెళ్ళి ఫొటోలు, కాలం చేసిన మిత్రుల వ్రాతలు బీరువాల్లో కొన్ని ఉంటే, ఆ లేవని లాప్‌టాప్‌లలో మరికొన్ని ఉన్నవి.

మన ఆఫీసు పద్ధతి

నేను 1977లో గుమాస్తాగా చేరిన నాటికి బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడగా మనం అందులోకి వచ్చాము. ఆనాటి ఆఫీసు నడక మీకు తెలిసినదే. తపాలా ఇన్వర్డులో ఎక్కుతుంది. సీటు గుమాస్తా నోటు పెడతాడు. సూపరింటెండెంటు చూస్తాడు. అధికారి సంతకం అవుతుంది. ఫెయిర్ కాపీ టైపయి డిస్పాచికి వెళుతుంది. జవాబు రాలేదని ఎవరైనా వస్తే మనం ఆఫీసంతా తిరగవేయము. పర్సనల్ రిజిస్టరు తీసి, ఫైలు ఏ సీటు దగ్గర ఆగిందో చూస్తాము.

కంప్యూటరు మేల్కొనే తీరు కూడ సరిగా ఇదే. మీట నొక్కిన క్షణం నుంచి తెర మీద బొమ్మలు వచ్చేదాకా పని ఒక సీటు నుంచి మరొక సీటుకు చేతులు మారుతుంది. ఒక్కొక్క సీటు ఒక్కొక్క సంవత్సరంలో ఏర్పడింది.

ఆ సీట్లు ఏర్పడిన వైనం

మన దేశంలో మొదటి కంప్యూటరు 1956లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేయడం ప్రారంభించింది. అది ఇంగ్లండు నుంచి తెచ్చినది. మన తెలుగు నేల మీద ఈ కథ 1967లో మొదలైంది. ఆ ఏట హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ వెలసింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు దానికి సారథ్యం వహించారు. హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ వారి పేరు మీదనే ఉన్నది. ఆ సంస్థ నుంచి 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు వెలువడింది.

ఆ తరం చిన్న కంప్యూటర్లను లేపడం ఒక తతంగం. కరెంటు ఇచ్చినంత మాత్రాన యంత్రానికి ఏమీ తెలియదు. మనిషి ముందు నిలబడి, పలక మీది మీటలను పైకీ కిందికీ వేస్తూ కొన్ని ఆదేశాలను ఒక్కొక్కటిగా ఎక్కించాలి. ఆ కాసిని ఆదేశాల బలంతో యంత్రం చిల్లుల కాగితపు టేపును చదువుతుంది. ఆ టేపు అసలు ప్రోగ్రామును తెస్తుంది. తన బూటు పట్టీలు తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకొన్నట్లు ఉందని పాశ్చాత్యులు దీనికి ‘బూట్‌స్ట్రాప్’ అని పేరు పెట్టారు. అదే కురచై ‘బూట్’ అయింది. మన మాటలో చెప్పాలంటే తన భుజం తానెక్కడం వంటిది.

1981 ఆగస్టు 12న ఐబీఎం వారు పర్సనల్ కంప్యూటరును విడుదల చేశారు. మీటలు వేసే మనిషి చేయవలసిన పనిని అందులో ఒక చిప్పులో శాశ్వతంగా వ్రాసిపెట్టారు. దాని పేరు బయాస్. అది ముందుగా జ్ఞాపకశక్తి ఉన్నదా, కీబోర్డు ఉన్నదా అని హాజరు తీసుకొంటుంది. తెర ఇంకా వెలగలేదు గనుక, లోపం ఉంటే ‘బీప్, బీప్’ అని కూతతో చెబుతుంది. ఇది మొదటి సీటు.

1984లో వచ్చిన ఐబీఎం ఏటీ యంత్రంలో చిన్న బ్యాటరీ చేరింది. కరెంటు లేనప్పుడు కూడ తేదీ, సమయం, యంత్రం అమరికలు మరచిపోకుండా ఉండడానికి అది అవసరమైంది. ఇప్పటికీ ఎన్నో యంత్రాలలో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఆ పనే చేస్తున్నది. ఇది రెండవ సీటు.

మూడవ సీటు హార్డ్ డిస్కు. 1956లో ఐబీఎం చేసిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అంత చేసి అది దాచుకొన్నది 50 లక్షల అక్షరాలే. ఇప్పుడు లాప్‌టాప్‌లోని అరచేతి డిస్కు దానికి లక్ష రెట్లకు పైగా దాస్తుంది. పాత పద్ధతి డిస్కులో మొట్టమొదటి 512 బైట్ల గడిలో, విండోస్ ఎక్కడ ఉన్నదో చూపే చీటీ ఉంటుంది. కొత్త యంత్రాలలో ఈ పనిని యూఈఎఫ్ఐ అనే పద్ధతి చేస్తున్నది. ఆ చీటీ ప్రకారం వెళ్ళి విండోస్‌ను లేపడం నాలుగవ సీటు. అక్కడ సంతకమైతే మనకు తెర కనిపిస్తుంది.

మన దాకా వచ్చిన కంప్యూటరు

కంప్యూటరు వస్తే మన ఉద్యోగాలు పోతాయని భయపడిన రోజులు మనలో చాలామందికి జ్ఞాపకమే. 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషను కంప్యూటరు మీదికి వచ్చింది. 1976లో ఏర్పడిన ఎన్ఐసీ, 1980ల చివరికి జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా కలపసాగింది. 1998 నవంబరు 4న మన రాష్ట్రంలో రిజిస్ట్రేషను ఆఫీసులకు ‘కార్డ్’ పథకం వచ్చింది. ఆ వెనుకనే 2000 సంవత్సరం గండం. ఏడాదిని రెండంకెలతోనే వ్రాసుకొన్న యంత్రాలు ‘00’ని 1900గా భావిస్తాయేమోనని లోకమంతా ఆందోళనపడింది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టు కూడ యంత్రానికే అప్పగించాము. తరువాత ఫోనులోనే అన్నీ జరగడంతో లాప్‌టాప్‌లు మూలపడ్డవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగియడంతో మరికొన్ని ఆ దారే పడుతున్నవి.

ఒక మిత్రుని లాప్‌టాప్

మన సంఘ సభ్యుడొకరు కొన్నేళ్ళ క్రితం కాలం చేశారు. కుటుంబం కోరిక మేరకు పేరు వ్రాయడం లేదు. జిల్లా విభజన నాడు ఫైళ్ళు, సిబ్బంది ఎలా పంపకమైనారో పెద్దవారందరి దగ్గరా కూర్చుని అడిగి, తెలుగులో టైపు చేసి ఉంచారు. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ వ్రాతప్రతికి మరో నకలు లేదు. నిరుడు వారి శ్రీమతి గారు ఫోను చేసి, “అన్నయ్యగారూ, లాప్‌టాప్ లేవడం లేదు. దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. పాత సామాన్లవాడు మూడొందలు ఇస్తానంటున్నాడు, ఇచ్చేయమంటారా?” అన్నారు. ఇవ్వవద్దమ్మా అని చెప్పి తెప్పించుకొన్నాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడూ నేనూ ఆ ఆదివారం దాని ముందు కూర్చున్నాము.

మా మనవడు వెంటనే మీట నొక్కబోయాడు. “ముందు దస్త్రం, తరువాత బీరువా” అని ఆపాను. బ్యాటరీ తీసి, అడుగున ఉన్న మూత మేకులు విప్పి, హార్డ్ డిస్కును బయటకు తీశాము. డిస్కును యూఎస్‌బీకి కలిపే తీగ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దానితో వేరొక కంప్యూటరుకు తగిలిస్తే డిస్కు చక్కగా తెరుచుకొన్నది. ఉన్నవన్నీ రెండు చోట్లకు నకలు తీశాము. ఫొటోలు, సర్వీసు కాగితాలు అన్నీ వచ్చినవి.

కాని అసలైన వ్రాతప్రతి రాలేదు. ఆయన దానిని పేజ్‌మేకర్‌లో, యూనికోడ్‌కు ముందటి పద్ధతి తెలుగు ఫాంట్లతో కూర్చారు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం దొరికినా, మన అచ్చుపనివారు చాలాకాలం పాత ఫాంట్లనే వాడారు. ఆ పద్ధతిలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులు. ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనిపిస్తాయి. మా యంత్రంలో పేజ్‌మేకర్ లేదు. మామూలుగా తెరిచి చూస్తే తెర నిండా అర్థం లేని గుర్తులు. ఫైలు చేతికి వచ్చింది, చదివేవాడు మాత్రం ఆ లేవని లాప్‌టాప్‌లోనే ఉండిపోయాడు. కనుక దానిని లేపక తప్పలేదు.

సీటు తరువాత సీటు

డిస్కును తిరిగి అమర్చి, మొదట కరెంటు చూశాము. బ్యాటరీ తీసివేసి, ఛార్జరు కూడ ఊడదీసి, మీటను అర నిమిషం నొక్కి పట్టి, తరువాత ఛార్జరు ఒక్కటే పెట్టాము. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది. అంటే కరెంటు అందుతున్నది. తెర మాత్రం చీకటి. కొంచెం ఆగి ‘బీప్, బీప్’ అని వరుసగా కూత వినిపించింది. మదర్‌బోర్డు పూర్తిగా పోతే కూత ఎవరు వేస్తారు? మొదటి సీటులో మనిషి ఉన్నాడు, హాజరు పట్టీలో ఎవరో లేరని చెబుతున్నాడు.

కూతల లెక్క కంపెనీని బట్టి మారుతుంది గాని, ఎక్కువసార్లు అది జ్ఞాపకశక్తి బిళ్ళ గురించే. ఛార్జరు తీసి, అడుగు మూత తెరిచి, రెండు వైపులా కొక్కేలు పక్కకు నొక్కి ఆ బిళ్ళను బయటకు తీశాము. మన తేమ గాలికి దాని అంచులు మసకబారి ఉన్నవి. పెన్సిలు తుడిచే రబ్బరుతో సున్నితంగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి తిరిగి బిగించాము. ఈసారి తెర వెలిగింది.

అయితే తేదీ ఎన్నడిదో పాతది చూపి, అమరికలు పోయినవని చెప్పింది. రెండవ సీటు బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. అదే రకం కొత్తది వేశాము. తేదీ నిలిచింది గాని, విండోస్ మొదలై నీలి తెర ఒక్క క్షణం మెరిసి మళ్ళీ మొదటికి వచ్చేది. డిస్కు బాగున్నదని ముందే చూశాము గదా. మా మనవడు బయాస్ అమరికలు తెరిచి చూశాడు. బ్యాటరీ పోయిన కాలంలో యంత్రం తన పాత అమరికలు మరచి, డిస్కుతో మాట్లాడే పద్ధతిని ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చుకొన్నది. ఆ విండోస్‌ను ఎక్కించినది ఐడీఈ పద్ధతిలో. తిరిగి అలాగే పెట్టగానే మిత్రుని తెర ప్రత్యక్షమైంది. పేజ్‌మేకర్ తెరిచి, ఎనభై పైచిలుకు పేజీలను పీడీఎఫ్‌గా మార్చి, ఒక ప్రతి అచ్చు తీసి వారి శ్రీమతి గారికి అందజేశాను. ఫాంట్లను కూడ నకలు తీసి ఉంచాము.

సభ్యులకు మనవి

ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఉన్నది. “పోయింది” అన్న ఒక్క మాటతో ఎన్నో ఇళ్ళలో ఇటువంటివి తూకానికి వెళుతున్నవి. గొల్లపల్లి వీణ తీగ తెగితే తీగ మారుస్తాము గాని పనసకర్ర కుండను పొయ్యిలో పెట్టము గదా. మీ ఇంట్లో లేవని లాప్‌టాప్ ఉంటే, దానిలో ఏమున్నదో ముందు కుటుంబంలో అడిగి తెలుసుకోండి. అవసరమైనవి ఉంటే డిస్కు నుంచి నకలు తీయించండి, ఆ తరువాతనే మరమ్మతు.

కొన్ని జాగ్రత్తలు మరువవద్దు. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగు పెట్టవద్దు, పొడిచి చూడవద్దు. డిస్కు ‘టక్ టక్’మని కొట్టుకొంటుంటే మళ్ళీ మళ్ళీ ఆన్ చేయవద్దు. అప్పుడది డేటా రికవరీ తెలిసినవారి పని. కొత్త యంత్రాలలో డిస్కుకు రహస్య తాళం ఉండవచ్చును గనుక దాని కీ ఎక్కడున్నదో ఇప్పుడే వ్రాసి పెట్టండి. “విండోస్ మళ్ళీ ఎక్కిస్తాము” అని ఎవరైనా అంటే, నకలు తీశాకనే ఒప్పుకోండి. లేకుంటే ఉన్నవి చెరిగిపోయే ప్రమాదం ఉన్నది. అమ్మదలిస్తే డిస్కును ఇంట్లో ఉంచుకొని మిగతాది అమ్మండి. మన బ్యాంకు ఖాతా, పెన్షను కాగితాలు అందులోనే ఉంటాయి.

మిత్రుని వ్రాతప్రతి నకలు ఒకటి కుటుంబం అనుమతితో సంఘ కార్యాలయంలో ఉంచాము. 1979 నాటి పంపకాల గురించి జ్ఞాపకమున్న సభ్యులు వచ్చి చదివి, చేర్చవలసినవి ఉంటే కాగితం మీద వ్రాసి ఇవ్వవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.