ప్రారంభ శ్రేణి మౌంటెన్ బైక్

కొండదారుల సైకిల్ ఆకారంలో, తక్కువ ధరకు దొరికే గేరు సైకిల్‌ను ప్రారంభ శ్రేణి మౌంటెన్ బైక్ అంటారు. రోడ్డు మీదా మట్టిబాట మీదా తీరిగ్గా తొక్కుకోవడానికి దీన్ని తయారుచేస్తారు. వాడుకలో ఎమ్‌టీబీ. గళ్లున్న లావుపాటి టైర్లు, తిన్నని హ్యాండిల్, ముందు సస్పెన్షన్ ఫోర్కు, చాలావాటికి డిస్క్ బ్రేకులు, 7 నుంచి 21 దాకా గేర్లు దీని గుర్తులు. వెనక సస్పెన్షన్ లేని రకాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. ఈ ధరల్లో కొనదగ్గది హార్డ్‌టెయిలే. చవక సైకిల్‌కు వెనక స్ప్రింగు కూడా బిగిస్తే బరువు పెరుగుతుంది, తొక్కే బలం కొంత ఆ స్ప్రింగులోనే పోతుంది, కొన్నాళ్లకు కీళ్లు వదులవుతాయి.

మౌంటెన్ బైక్ పుట్టిందే పాత సైకిల్‌ను మెరుగుపరచుకోవడంలోంచి. 1970ల్లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ యువకులు 1930, 40ల నాటి ష్విన్ బెలూన్ టైర్ల సైకిళ్లను సేకరించి, టమల్పయస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో దిగేవారు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ అనే పందెం మొదలైంది. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్క దిగుడుకే వేడెక్కి, హబ్బులోని గ్రీజంతా పొగై పోయేది. అందుకని మంచి బ్రేకులు, గేర్లు, బలమైన చక్రాలు ఒక్కొక్కటే తెచ్చి బిగించుకున్నారు. పాత ఫ్రేములు ఆ దెబ్బలకు తట్టుకోలేకపోవడంతో జో బ్రీజ్ 1977లో ఈ పనికే కొత్త ఫ్రేమ్ కట్టాడు. టామ్ రిచీ ఫ్రేములతో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో వ్యాపారం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైక్‌ను పెద్ద సంఖ్యలో తయారుచేసి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ పోటీకి చోటు దక్కింది.

నేటి చవక మౌంటెన్ బైకుల్లో చాలావరకు ఆ వారసత్వపు రూపం ఉంటుంది గానీ అంత సత్తువ ఉండదు. ఫ్రేమ్ మీదో, కంపెనీ ఇచ్చే పుస్తకంలోనో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించిన వాడుక స్థాయి అచ్చువేసి ఉంటే కొనేముందు చూడాలి. రెండో స్థాయి అంటే మట్టి, కంకర దారులు, 15 సెంటీమీటర్లకు మించని గెంతులు. మూడో స్థాయి అయితే గతుకుల కాలిబాటలు, 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్లు. తర్వాత ఎంత ఖరీదైన సామాను బిగించినా ఫ్రేమ్ స్థాయి మారదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సౌర పలకల కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాకుకు, ఊరి చెరువు కట్టకు, పొలం గట్ల బాటకు రెండో స్థాయి సైకిల్ సరిపోతుంది. వికారాబాద్ అనంతగిరి అడవిలో రాళ్లు తేలిన వాలులు దిగాలంటే మాత్రం చాలదు.

మొదటి నెల

సైకిల్ సాధారణంగా సగం బిగించి అట్టపెట్టెలో వస్తుంది. ఎడమ పెడల్ మరకు వ్యతిరేక దిశలో చుట్లు ఉంటాయి. కుడి పెడల్‌లాగే తిప్పి బలవంతంగా ఎక్కిస్తే క్రాంకు మర చెడిపోతుంది, ఇక ఆ క్రాంకు మార్చాల్సిందే. కొత్త కేబుళ్లు సాగుతాయి, స్పోకులు సర్దుకుంటాయి, క్రాంకు బోల్టులు వదులవుతాయి. గేరు టకటకమనడం, చక్రం కాస్త బెండ్ కావడం ఈ దశలో మామూలే. నాలుగు వారాల తర్వాత ఒకసారి మెకానిక్‌కు చూపించి బోల్టులు బిగించి, బెండ్ తీయిస్తే ఆ సైకిల్ ఆయుష్షు పెరుగుతుంది. ఈ ఖర్చుకు ఇంతకంటే గొప్ప అప్‌గ్రేడ్ ఇంకొకటి లేదు.

సీటు ఎత్తు సరిచేసుకోవడానికి పైసా ఖర్చు కాదు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. మన దగ్గర చాలామంది రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించుకుని తొక్కుతారు. మోకాళ్ల నొప్పులు చాలాసార్లు అక్కడే మొదలవుతాయి. సీటు గొట్టం మీద కనీస లోతు గీత ఉంటుంది, ఆ గీత దాటి పైకి లాగకూడదు.

టైర్లు

డబ్బు పెట్టి మార్చేవాటిలో ముందు వరస టైర్లది. రోడ్డు మీద గళ్ల టైరు గుయ్‌మంటూ బలాన్ని తినేస్తుంది. నడుమ నున్నగా, అంచుల్లో గళ్లున్న టైరు వేయిస్తే అదే సైకిల్ తేలిగ్గా సాగుతుంది, మట్టిలోనూ పట్టు తప్పదు. కొనేటప్పుడు అంగుళాల లెక్కతో పాటు టైరు పక్కగోడ మీది మిల్లీమీటర్ల అంకె చూడాలి. 26 అంగుళాల మౌంటెన్ బైక్ చక్రానికి 559, 27.5కు 584, 29కి 622. ఆ అంకె కలవకపోతే టైరు రిమ్ము మీద కూర్చోదు.

గాలి ఎంతవరకు కొట్టవచ్చో కూడా అక్కడే రాసి ఉంటుంది. సగటు బరువున్న మనిషికి మట్టిదారిలో 30, రోడ్డు మీద 40 పీఎస్‌ఐ చుట్టుపక్కల నప్పుతుంది. ఈ సైకిళ్లలో చాలావాటికి మోటారు సైకిల్‌కు ఉండే ష్రేడర్ వాల్వే ఉంటుంది కాబట్టి పెట్రోలు బంకులోనూ గాలి పట్టించుకోవచ్చు. తెలుగు నేల మీద టైరుకు అసలు శత్రువులు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. పంక్చర్ వేయించాక టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి, విరిగి మిగిలిన ముల్లును తీసేయకపోతే ట్యూబు మళ్లీ పోతుంది.

బ్రేకులు, గేర్లు

కేబుల్‌తో నడిచే డిస్క్ బ్రేకుల్లో చాలావాటికి ఒకవైపు ప్యాడే కదులుతుంది. అది డిస్కును నెట్టి అవతలి ప్యాడుకు ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ కదలని ప్యాడును మరతో లోపలికి తెచ్చుకోవాలి. ఇది తెలియక కేబుల్‌నే లాగి లాగి బిగిస్తే డిస్కు వంగుతూ రుద్దుకుంటుంది. చైన్‌కు నూనె వేసేటప్పుడు చుక్క డిస్కు మీద పడినా పట్టు పోతుంది. మంచి ప్యాడ్లు, కొత్త కేబుళ్లు వేసినా చాలకపోతే అప్పుడు హైడ్రాలిక్ బ్రేకుల సంగతి ఆలోచించవచ్చు. ఈ ధరల్లో చేయించే పెద్ద మార్పుల్లో పెట్టిన డబ్బుకు నిజంగా ఫలితం కనిపించేది వీటిలోనే. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ వాడతారు. కారు బ్రేకులకు పోసే డాట్ ద్రవం పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి.

గేర్ల సంఖ్య చూసి మోసపోకూడదు. ముందు 3, వెనక 7 కలిపి 21 అంటారు గానీ వాటిలో చాలా జతలు ఇంచుమించు ఒకే బరువుగా ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు లెక్కకొచ్చేది అన్నిటికంటే తేలికైన గేరు. ముందు 24 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. వెనక 14-28 పళ్ల ఫ్రీవీల్ (పళ్ల చక్రాల దొంతర) తీసి 14-34 పెడితే అది 0.71కి దిగుతుంది. ఊపిరాడని ఎత్తు కూర్చునే ఎక్కవచ్చు. గేరు మార్చే డిరైలర్ 34 పళ్లను మోయగలదో లేదో, చైన్ పొడవు సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఫ్రీవీల్ హబ్బుకు ఒక పుట్టులోపం ఉంది. పళ్ల చక్రాల దొంతర హబ్బు బయట మర మీద కూర్చుంటుంది కాబట్టి కుడివైపు బేరింగు లోపలికి జరిగిపోతుంది, ఇరుసు చివర ఆధారం లేకుండా ఉండిపోతుంది. బరువైన మనిషి గతుకుల్లో తొక్కితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్ హబ్బులో ఆ బేరింగు ఫ్రేము దగ్గరికి వస్తుంది. అందువల్ల ఇరుసు విరిగిన రోజున మళ్లీ ఇరుసే వేయించే బదులు క్యాసెట్ హబ్బున్న చక్రం కొనడం లాభం.

చైన్ ఒక్కో లింకు నడిమి దూరం అర అంగుళం. స్కేలు పెట్టి కొలిస్తే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే కొత్త చైన్ వేయించాలి. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే పళ్లు కూడా అరిగి, చైన్‌తో పాటు ఫ్రీవీలూ మార్చాల్సి వస్తుంది. వానాకాలంలో నల్లరేగడి పట్టిన చైన్‌ను ఆ సాయంత్రమే తుడిచి ఆరబెట్టి నూనె వేయాలి.

ఫోర్కు దగ్గర ఆగడం

ఈ సైకిళ్ల ఫోర్కు సాధారణంగా ఇనుప స్ప్రింగుతో, 80 నుంచి 100 మిల్లీమీటర్ల కదలికతో ఉంటుంది. బరువెక్కువ, చలనం మొరటు. సహజంగానే దీన్ని మార్చాలని మనసు పోతుంది. కానీ గాలి ఒత్తిడితో పనిచేసే మంచి ఫోర్కుల్లో చాలావాటి మెడ గొట్టం కింద లావుగా, పైన సన్నగా ఉంటుంది. ఇరుసు కూడా వేరు రకం. చవక ఫ్రేములో నిలువునా ఒకే వెడల్పుండే గొట్టమే పడుతుంది. ఎలాగో సరిపెట్టి 120 మిల్లీమీటర్ల ఫోర్కు బిగిస్తే ముందుభాగం లేచి, హ్యాండిల్ మందకొడిగా తిరుగుతుంది, ఫ్రేమ్ మెడ మీద భారం పడుతుంది. ఫోర్కు, చక్రాలు, గేర్లు అన్నీ మార్చాలనిపించే నాటికి ఖర్చు కొత్త సైకిల్ ధరను దాటిపోతుంది. అలాంటప్పుడు తీసి దాచిన అసలు సామాను తిరిగి బిగించి పాతదాన్ని అమ్మి, ఆ డబ్బు కలుపుకుని మూడో స్థాయి ఫ్రేమున్న సైకిల్ కొనాలి. సీటు, పెడళ్లు, గొట్టం కొలత కలిస్తే హ్యాండిల్ గ్రిప్పులు కొత్తదానికీ పనికొస్తాయి.