ఎవరీ చంద్రలేఖ? సీమ కరువు కోసం చేసిన నాట్యం ఆమెను ఎందుకు మార్చేసింది?

చంద్రలేఖ.. ఈ పేరు వినగానే పాతతరం వాళ్లకు జెమినీ వారి 1948 నాటి సినిమా, అందులోని డ్రమ్ డాన్స్ గుర్తొస్తాయి. తర్వాతి తరానికైతే నాగార్జున సినిమా. కానీ అదే పేరుతో మద్రాసులో ఒక డాన్సర్ ఉండేవారు. భరతనాట్యం నేర్చుకుని, అందులోంచి దేవుళ్ల కథల్ని, ప్రియుడి కోసం ఎదురుచూసే నాయికల్ని, ఒంటినిండా నగల్ని తీసి పక్కన పెట్టేసిన కొరియోగ్రాఫర్ ఆమె. ఇండియాలో కాంటెంపరరీ డాన్స్ గురించి ఎవరు మాట్లాడినా ఆమె పేరు రాకుండా ఉండదు. ఆ మార్పుకు మొదటి కుదుపు ఎక్కడ తగిలిందో తెలుసా? మన రాయలసీమ కరువు దగ్గర!

లా చదువు మధ్యలో వదిలేసి..

చంద్రలేఖ ప్రభుదాస్ పటేల్ 1928 డిసెంబర్ 6న మహారాష్ట్రలోని వాడాలో పుట్టారు. కుటుంబం గుజరాతీ. తండ్రి డాక్టర్, ఆయనకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. తల్లి మాత్రం మంచి భక్తురాలు. స్కూల్ చదువు అయ్యాక లా కాలేజీలో చేరిన చంద్రలేఖ, డాన్స్ కోసం దాన్ని మధ్యలోనే వదిలేశారు. మద్రాసులో కాంచీపురం ఎల్లప్ప పిళ్లై దగ్గర శిష్యరికం చేశారు.

అప్పట్లో భరతనాట్యంలో రెండు దారులు కనిపించేవి. శృంగారం పాలు తగ్గించి, భక్తిని ముందుకు తెచ్చి, నాట్యానికి పెద్ద కుటుంబాల్లో గౌరవం సంపాదించిపెట్టిన రుక్మిణీదేవి అరండేల్‌ది ఒక దారి. దేవదాసీ కుటుంబం నుంచి వచ్చి, శృంగారం లేకపోతే ఈ నాట్యమే లేదని నిలబడ్డ బాలసరస్వతిది ఇంకో దారి. ఇద్దరి ప్రభావమూ చంద్రలేఖ మీద పడింది కానీ, ఆమె మనసు బాలసరస్వతి వైపే మొగ్గింది. కవి, నటుడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయతో ఆమెకు దగ్గరి అనుబంధం ఉండేది. హైదరాబాద్‌లో పుట్టిన ఆయన సరోజినీ నాయుడికి స్వయానా తమ్ముడు.

వేదిక మీద యమున.. సీమలో నెర్రెలు

అది 1952. ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, రాయలసీమ మద్రాస్ రాష్ట్రంలోనే ఉంది. కరువు. సీమలో గంజి కేంద్రాలు నడిపిన రోజులవి. బాధితులకు నిధుల కోసం మద్రాసులో ఏర్పాటు చేసిన కార్యక్రమంలో చంద్రలేఖ తొలి ప్రదర్శన ఇచ్చారు. అంశం 'మథురా నగరిలో'. ఇప్పటికీ మన నాట్య వేదికల మీద కనిపించే తెలుగు పాటే. గురువు ఎల్లప్ప పాడుతున్నారు. చంద్రలేఖ యమునా నదిని, సఖుల జలక్రీడల్ని అభినయిస్తున్నారు. చేతుల్లో, కళ్లలో అంతా నీళ్లే.

సరిగ్గా అప్పుడే పేపర్లలో చూసిన ఫొటోలు ఆమె కళ్ల ముందుకొచ్చాయి. నెర్రెలిచ్చిన నేల. చిన్న చిన్న డబ్బాలు పట్టుకుని నీళ్ల కోసం బారులు తీరిన జనం. వాళ్ల కోసమే పెట్టిన కార్యక్రమంలో తను చేస్తున్నదేమో పొంగిపొర్లే నది! ఆ క్షణంలో తాను రెండు ముక్కలైనట్టు అనిపించిందని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు.

సాధారణంగా ఇలాంటి కథల్లో మరుసటి రోజే అంతా మారిపోతుంది. ఇక్కడ అలా జరగలేదు. ఆమె నాట్యం మానలేదు. 1960లో 'దేవదాసి', 1972లో 'నవగ్రహ' చేశారు. కానీ కళకూ బయటి జీవితానికీ మధ్య ఎందుకింత దూరం అన్న ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. 'నవగ్రహ' తర్వాత దాదాపు 12 ఏళ్లు వేదికకు దూరంగా ఉండిపోయారు.

పోస్టర్లు, పోలీస్ కేసు

ఈ పన్నెండేళ్లూ ఆమె ఊరికే కూర్చోలేదు. డిజైనర్ దశరథ్ పటేల్, రచయిత సదానంద్ మీనన్‌తో కలిసి మద్రాసు ఎలియట్స్ బీచ్ దగ్గరి ఇంటిని వర్క్‌షాప్‌గా మార్చేశారు. మహిళా ఉద్యమాలకు పోస్టర్లు వేశారు, రాశారు, ఎగ్జిబిషన్లు రూపొందించారు. మహిళల కోసం 1984లో మొదలైన ప్రచురణ సంస్థ 'కాళి ఫర్ విమెన్' లోగో గీసిందీ ఆమే. 1980ల మొదట్లో ఆమె మీద, సదానంద్ మీనన్ మీద రాజద్రోహం కేసు కూడా పెట్టారు. తర్వాత దాన్ని ఎత్తేశారు. డాన్సర్ మీద రాజద్రోహం కేసు ఏంటని ఆశ్చర్యపోయేవాళ్లు, ఆమె అప్పటికి డాన్సర్‌గా కంటే కార్యకర్తగానే ఎక్కువ తెలుసన్న సంగతి మర్చిపోకూడదు.

55 ఏళ్ల వయసులో రీఎంట్రీ

1984లో ముంబైలో 'ఈస్ట్ వెస్ట్ డాన్స్ ఎన్‌కౌంటర్' జరిగింది. మాక్స్ ముల్లర్ భవన్ తరఫున గియోర్గ్ లెష్నర్ నడిపించిన సదస్సు అది. మళ్లీ వేదికెక్కమని చంద్రలేఖను ఒప్పించారు. మరుసటి ఏడాది 'ఆంగిక' వచ్చింది. భరతనాట్యం చూడటానికి అలవాటుపడ్డ ప్రేక్షకులకు ఇది షాకే. కృష్ణుడు లేడు, కీర్తన లేదు, విరహం లేదు. భరతనాట్యం అడుగుల పక్కనే కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగా. ఈ మూడూ ఒకే శరీరంలోంచి పుట్టినవేనని, నగలూ భక్తీ కప్పేసిన ఆ శరీర బలాన్ని మళ్లీ బయటికి తీయాలని ఆమె వాదన. అరమండి భంగిమను కూడా అందం కోసం కాకుండా శక్తికి కేంద్రంగా చూశారు. ఇది నాట్యమా, ఎక్సర్‌సైజా అని వెక్కిరించినవాళ్లూ లేకపోలేదు.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు పద్యాల్లో రాసిన లెక్కల పుస్తకాన్ని తీసుకుని 1989లో 'లీలావతి' చేశారు. లెక్కలకు డాన్స్ ఏంటి అనిపిస్తుంది కానీ, తాళం అంటేనే లెక్క కదా! 1990లో 'ప్రాణ', 1991లో 'శ్రీ'. ఈ 'శ్రీ'లో వెన్ను వంగిపోయి నడిచే ఆడవాళ్లు కనిపిస్తారు. తరతరాల అణచివేత ఎలా ఉంటుందో డైలాగ్ లేకుండా, ఒక్క వెన్నెముకతోనే చూపించారు. కరువు ముందు తన నాట్యం సిగ్గుపడినట్టు అనిపించిన మనిషి, బయటి జీవితాన్ని వేదిక మీదికి తెచ్చింది ఇలాగే. నినాదాలతో కాదు, ఒంటితో.

'యంత్ర', 'మహాకాల్', 'రాగ', 'శ్లోక' దాటి 2001లో చివరి పెద్ద పని 'శరీర' వచ్చింది. వేదిక మీద ఇద్దరే.. కవయిత్రి తిషానీ దోషీ, కలరి నేర్చిన షాజీ జాన్. గుందేచా సోదరుల ధ్రుపద్ గానం. కదలికలు ఎంత నెమ్మదిగా ఉంటాయంటే, 30 సెకన్ల రీల్‌గా కట్ చేస్తే అసలేమీ జరగనట్టే ఉంటుంది. అందుకే క్లిప్ దొరికితే స్పీడ్ పెంచకుండా చూడటం మంచిది.

తెల్లటి జుట్టు, పెద్ద బొట్టు, కాటుక, చేనేత చీర.. ఇదీ ఆమె రూపం. 1991లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 2004లో అదే అకాడమీ ఫెలోషిప్ దక్కాయి. 2006 డిసెంబర్ 30న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 78. ఆమె బృందంలో ఏళ్ల తరబడి నాట్యం చేసిన పద్మినీ చెట్టూర్ తర్వాత సొంతంగా పేరున్న కొరియోగ్రాఫర్ అయ్యారు. బీచ్ దగ్గరి ఆ ఇంటి ఆవరణలోని 'స్పేసెస్' వేదిక మీద చంద్రలేఖ పోయాక కూడా ప్రదర్శనలు జరిగాయి.