ప్రసంగం మర్చిపోయిన కుర్రాడు: ఆఫ్రికాకి ముందు లివింగ్‌స్టన్

డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు స్కూల్లో వినే ఉంటారు. ఆఫ్రికాలో వేల మైళ్లు తిరిగినాయన, విక్టోరియా జలపాతానికి ఆ పేరు పెట్టినాయన. ఆ ప్రయాణాల మీద వీడియోలు బోలెడున్నాయి. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పేది అంతకుముందు సంగతి. ఇంకా ఓడ ఎక్కలేదు, ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో మిషనరీగా ట్రైనింగ్ తీసుకుంటున్నాడు, వయసు పాతికేళ్లు. ఆ ట్రైనింగ్‌లో అతను దాదాపు ఫెయిలయ్యాడండి. ఇంటికి పంపేద్దాం అన్నంతవరకూ వచ్చింది.

ముందు అతను ఎక్కణ్ణుంచి వచ్చాడో చూద్దాం. స్కాట్లండ్‌లో బ్లాంటైర్ అనే ఊరు. 1813లో పుట్టాడు. మిల్లు కూలీల లైను ఇళ్లలో ఒకే ఒక్క గది, అందులో తల్లి, తండ్రి, ఐదుగురు పిల్లలు. నాన్న నీల్ ఇంటింటికీ తిరిగి టీ పొడి అమ్మేవాడు. డేవిడ్‌ని పదేళ్లకే నూలు మిల్లులో పెట్టారు. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకూ పని. యంత్రం మీద తెగిపోయిన దారాల్ని అతికించడం వాడి డ్యూటీ. మొదటి వారం జీతంలో కొంత పెట్టి ఏం కొన్నాడో తెలుసా? లాటిన్ వ్యాకరణం పుస్తకం. ఎనిమిదికి మిల్లు అయ్యాక పది దాకా రాత్రి బడి. ఆ తర్వాత ఇంట్లో అర్ధరాత్రి దాకా చదువుతుంటే అమ్మ వచ్చి పుస్తకం లాక్కునేది.

మిల్లులో కూడా చదివేవాడు. నూలు వడికే యంత్రం మీద పుస్తకం తెరిచి నిలబెట్టి, అటూ ఇటూ నడిచేటప్పుడు దాని ముందుకి వచ్చినప్పుడల్లా ఒక వాక్యం పట్టుకునేవాడు. ఒక్కొక్కసారి దొరికేది నిమిషం కూడా కాదు. చుట్టూ యంత్రాల హోరు. ఎంత గోల ఉన్నా చదువుకోగలగడం, రాసుకోగలగడం తనకి అక్కడే అలవాటైందని తర్వాత తనే రాసుకున్నాడు. దీన్ని ట్రైనింగ్ అని అప్పుడు ఎవరూ అనుకోలేదు. నేనైతే అసలు ట్రైనింగ్ ఇదే అంటాను.

పందొమ్మిదేళ్లకి ప్రమోషన్ వచ్చింది, జీతం పెరిగింది. వేసవంతా మిల్లులో సంపాదించి, ఆ డబ్బుతో 1836 చలికాలం నుంచి గ్లాస్గోలో ఆండర్సన్ కాలేజీలో వైద్యం చదివాడు. తండ్రీ కొడుకులు మంచులో నడుచుకుంటూ గ్లాస్గో వెళ్లి గది వెతికారు. చివరికి వారానికి 2 షిల్లింగులకి దొరికింది.

వైద్యం ఎందుకంటే, చైనాకి వైద్యం తెలిసిన మిషనరీలు కావాలని గుట్జ్‌లాఫ్ అనే జర్మన్ మిషనరీ చేసిన విజ్ఞప్తి ఇతని చేతికి వచ్చింది. చైనాయే తన గమ్యం అని తేల్చుకున్నాడు. లండన్ మిషనరీ సొసైటీకి అప్లికేషన్ పెట్టాడు. ఈ సొసైటీ మనకి కొత్తదేం కాదు. 1805లోనే వీళ్లు ఇద్దరిని మన విశాఖపట్నానికి పంపారు, క్రాన్, డెగ్రాంజెస్ అని. తెలుగు నేర్చుకుని, బైబిల్ భాగాల్ని తెలుగులోకి అనువదించే పని మొదలుపెట్టారు. 1810 పూర్తయ్యేసరికి ఇద్దరూ పోయారు. అంటే, ఈ అప్లికేషన్ మీద సంతకం పెట్టేవాళ్లు ఎలాంటి పనికి పేరిస్తున్నారో అర్థమవుతోంది కదా.

1838 సెప్టెంబరులో లండన్ పిలిచారు. రెండు ఇంటర్వ్యూలు పాసయ్యాడు. అక్కడే జోసెఫ్ మూర్ అనే ఇంకో కుర్రాడు పరిచయమయ్యాడు. ఇద్దర్నీ ఎసెక్స్‌లో చిప్పింగ్ ఆంగర్ అనే ఊరికి, రిచర్డ్ సెసిల్ అనే పాస్టర్ దగ్గరికి పంపారు. మూడు నెలలు ప్రొబేషన్. లాటిన్, గ్రీకు, వేదాంతం చదవాలి. ప్రసంగం రాసి గురువుకి చూపించాలి. ఆయన దిద్దాక దాన్ని బట్టీపట్టి, చుట్టుపక్కల చర్చిల్లో అప్పజెప్పాలి.

ఒక ఆదివారం స్టాన్‌ఫర్డ్ రివర్స్ అనే ఊళ్లో పాస్టర్‌కి ఒంట్లో బాలేదు. సాయంత్రం ప్రసంగానికి మనవాణ్ణి పంపారు. లేచి నిలబడ్డాడు. బైబిల్ వాక్యం నిదానంగా చదివాడు. అంతే, బుర్ర ఖాళీ! బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. చెప్పాల్సిందంతా మర్చిపోయానని ఉన్నదున్నట్టు చెప్పేసి, వేదిక దిగి బయటికి వెళ్లిపోయాడు.

అదొక్కటే కాదు. రోజూ ప్రార్థన నడిపించేటప్పుడు కూడా తడబడేవాడు. మూడు నెలలయ్యాక సెసిల్ రిపోర్టు అలాగే వెళ్లింది. డైరెక్టర్లు కూర్చుని ఈ అబ్బాయి వద్దు అనే నిర్ణయానికి దాదాపు వచ్చేశారు. వాళ్లలో ఒకాయన గట్టిగా అడ్డుపడి ఇంకో రెండు నెలలు ఇప్పించాడు. 1839 జనవరిలో సెసిల్ మళ్లీ ఉత్తరం రాశాడు. మనిషి మొద్దుగా ఉంటాడు, మొరటుదనం పోయేలా లేదు, కానీ బుద్ధి ఉంది, మంచి స్వభావం, తిప్పిపంపడానికి నాకు మనసొప్పట్లేదు అని దాని సారాంశం. ఇంత అయిష్టంగా ఇచ్చిన సర్టిఫికెట్టు మీద నిలబడ్డ కెరీర్ అది!

సెసిల్‌ని నేను తప్పుపట్టను. ఆయన్ని అడిగింది వేదిక మీద మాట్లాడేవాణ్ణి తయారుచేయమని. కానీ అదే ఆంగర్‌లో జరిగిన ఇంకో సంగతి చూడండి. ఒక నవంబరు రోజు బంధువుల పని మీద లండన్ వెళ్లాలి. 27 మైళ్లు. తెల్లవారుజామున మూడింటికి పొగమంచులో నడక మొదలుపెట్టాడు. చీకట్లో రోడ్డు పక్క గోతిలో పడి ఒళ్లంతా బురద. అలాగే లండన్ వెళ్లి, పని చూసుకుని, తిరుగు నడక. దారిలో గుర్రబ్బండి మీంచి పడి స్పృహ లేకుండా ఉన్న ఒకావిడ కనిపిస్తే ఇంట్లోకి మోసుకెళ్లి, ఎముకలేమీ విరగలేదని చూసి, డాక్టర్‌ని పిలవమని చెప్పి మళ్లీ బయల్దేరాడు. ఈలోగా చీకటిపడి దారి తప్పాడు. నాలుగు రోడ్ల కూడలిలో చేతిస్తంభం ఎక్కి, నక్షత్రాల వెలుగులో ఊరి పేరు చదువుకుని దిక్కు తెలుసుకున్నాడు. అర్ధరాత్రి దగ్గరపడుతుంటే తెల్లగా పాలిపోయిన మొహంతో వచ్చాడు. మూర్ పాలూ రొట్టే పెట్టి పడుకోబెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు.

రానూపోనూ 80 కిలోమీటర్లు దాటిన నడక అది. దీనికి ఆంగర్‌లో మార్కుల్లేవు.

సెలెక్టయ్యాక కూడా ఆటంకాలే. 1839లో నల్లమందు గొడవతో చైనా దారి మూసుకుపోయింది. వెస్టిండీస్ వెళ్తావా అన్నారు. అక్కడ డాక్టర్లు ఉన్నారు, నేను చదివిన వైద్యం వృథా అవుతుంది అని రాశాడు. 1840లో లండన్ ఆసుపత్రుల్లో ఇంకా నేర్చుకుంటున్నప్పుడు, దక్షిణాఫ్రికా కురుమాన్ నుంచి సెలవు మీద వచ్చిన రాబర్ట్ మొఫట్ కలిశాడు. మా స్టేషన్‌కి ఉత్తరాన ఎన్నో ఊళ్లున్నాయి, అక్కడికి ఏ మిషనరీ వెళ్లలేదు అన్నాడాయన. చైనా ఆలోచన అక్కడితో వదిలేశాడు.

ఇక డాక్టర్ లైసెన్సు. 1840 నవంబరులో గ్లాస్గోలో పరీక్ష. అక్కడ కూడా లొల్లే! స్టెతస్కోపు అప్పటికి కొత్త సాధనం. అది ఎంతవరకు పనికొస్తుంది అన్న దాని మీద పరీక్షకులతో వాదన పెట్టుకున్నాడు. దాంతో పరీక్ష ఇంకాస్త కష్టంగా, ఇంకాస్త పొడుగ్గా సాగింది. అయినా పాసయ్యాడు.

నవంబరు 16 రాత్రి ఇంట్లో కబుర్లతోనే గడిచిపోయింది. 17 తెల్లవారి ఐదింటికి అమ్మ కాఫీ పెట్టింది. డేవిడ్ కీర్తనలు చదివి ప్రార్థన చేశాడు. ఈసారి తడబడ్డాడని ఎవరూ రాయలేదు. తర్వాత తండ్రీ కొడుకులు మళ్లీ గ్లాస్గోకి నడిచారు. రేవులో లివర్‌పూల్ వెళ్లే స్టీమర్ దగ్గర విడిపోయారు. మళ్లీ కలవలేదు. కొడుకు తిరిగొచ్చిన 1856లోనే, వాడు ఇల్లు చేరకముందే నీల్ చనిపోయాడు.

డిసెంబరు 8న జార్జ్ అనే ఓడ బయల్దేరింది. రాత్రుళ్లు కెప్టెన్ డొనాల్డ్‌సన్ డెక్ మీద కూర్చోబెట్టి, చంద్రుణ్ణీ నక్షత్రాల్నీ క్వాడ్రంట్‌తో కొలిచి మనం ఎక్కడున్నామో లెక్కకట్టడం నేర్పాడు. ఒక్కోసారి దీనికోసమే అర్ధరాత్రి దాకా మేలుకునేవారు. తర్వాత ఆఫ్రికాలో అతను నదులు, సరస్సులు మ్యాపులోకి ఎక్కించింది ఈ విద్యతోనే. ఆ మ్యాపులు పట్టుకుని వెనకాల ఎవరెవరు వచ్చారన్నది వేరే పెద్ద చర్చ, దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి.

ఇన్ని నేర్పారు సరే, ఆఫ్రికా భాష? ఇంగ్లండ్‌లో ఎవరూ నేర్పలేదు. 1841 జులైలో కురుమాన్ చేరాక, యూరోపియన్లు ఎవరూ లేని చోటు వెతుక్కుని, లెపెలోలే అనే ఊళ్లో దాదాపు ఆరు నెలలు ఉండిపోయాడు. సెట్స్వానా మాట్లాడేవాళ్ల మధ్యే తిని, పడుకుని, వాళ్ల అలవాట్లు, చట్టాలు, భాష నేర్చుకున్నాడు. దీనికి పరీక్ష పెట్టేవాళ్లూ లేరు, రిపోర్టు రాసేవాళ్లూ లేరు.

మూర్ తాహితీకి వెళ్లాడు. ఆంగర్ సంగతులు, ఆ మర్చిపోయిన ప్రసంగంతో సహా, అతను గుర్తుచేసుకుని చెప్పబట్టే మన దాకా వచ్చాయి.