కాందిశీకులు: రంగం నుండి తరలివచ్చిన తెలుగువారి హక్కుల చరిత్ర (1942 - 1964)

1. ఉపోద్ఘాతం

కాందిశీకుడు, శరణార్థి అనే మాటలను మనం సాధారణంగా పర్యాయపదాలుగా వాడుతున్నాం. వాటి అర్థచ్ఛాయలు మాత్రం వేరు. 'ఏ దిక్కుకు పోదును' అనే అర్థాన్నిచ్చే 'కాం దిశం' అనే సంస్కృత పదబంధం నుండి కాందిశీక శబ్దం ఏర్పడింది. అది భయంతో పరుగెత్తేవాని స్థితిని చెబుతుంది. శరణార్థి శబ్దం ఆశ్రయమిచ్చే మరొకరిని కూడా సూచిస్తుంది. పరుగెత్తి వచ్చినవానికి ఆశ్రయం హక్కుగా ఎప్పుడు లభిస్తుంది? బర్మా నుండి తెలుగువారు తరలివచ్చిన రెండు సందర్భాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రంగం వలస

ఉత్తరకోస్తా ప్రజల నోట రంగూన్ 'రంగం' అయింది. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచారు. ఓడరేవులో బరువులు మోయడం, బియ్యపు మిల్లులలో పనిచేయడం, రిక్షాలు లాగడం వారి ప్రధాన వృత్తులు. పనిలోకి చేర్చుకున్న మేస్త్రీకి పడిన బాకీ వారిని కట్టిపడవేసేది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అయినా ఆ సంఖ్యాబలం వారికి రక్షణ కాలేదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపు కోసం సమ్మె చేయగా, యజమానులు వారి స్థానంలో బర్మీయులను నియమించారు. సమ్మె ముగియగానే ఆ బర్మీయులను తొలగించారు. దానితో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి విడిపోవడంతో, నిన్నటి వరకు ఒకే పాలనలోని మరో ప్రాంతానికి వెళ్లిన కూలీ పరదేశి అయ్యాడు.

3. 1942: గుర్తింపు లేని ప్రయాణం

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. తరువాతి నెలలలో సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మాను వీడారు. ఎక్కువమంది అరకాన్ కొండల మీదుగా, లేదా టాము, ఇంఫాల్, దిమాపూర్ మార్గంలో కాలినడకన వచ్చారు. కలరా, మలేరియా, ఆకలి కారణంగా దారిలో వేలమంది మరణించారు. తరలింపులో ఐరోపీయులకు ఒక విధమైన సౌకర్యం, భారతీయులకు మరొక విధమైన సౌకర్యం కల్పించారన్న విమర్శ ఆనాడే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు పడ్డాయి. కాందిశీకులను ఆదరించవలసిన తీరప్రాంతమే ఆ వేసవిలో లోపలి పల్లెలకు వలసపోయింది. దారి పొడవునా సహాయ శిబిరాలు వెలిసినా, అవి ప్రాణరక్షణకు పరిమితమయ్యాయి. యుద్ధానంతరం తిరిగి వెళ్లదలచిన వారికి బర్మా ప్రభుత్వం 1947లో చేసిన వలస నియంత్రణ చట్టం అడ్డుగా నిలిచింది.

4. 1964: గుర్తింపుతో కూడిన ఆదరణ

1962లో అధికారం చేపట్టిన నే విన్ సైనిక ప్రభుత్వం 1964లో దుకాణాలను జాతీయం చేసింది. అదే ఏడాది 50, 100 చాట్ నోట్లను రద్దు చేసింది. జీవనాధారం కోల్పోయిన భారతీయులు లక్షల సంఖ్యలో ఓడలెక్కారు. వారిలో అనేకులు బర్మాలోనే పుట్టినవారు. 'స్వదేశం' వారు చూడని దేశం. అయినా భారత ప్రభుత్వం వారిని స్వదేశాగతులుగా గుర్తించి, నివాసానికీ ఉపాధికీ సహాయం అందించింది. బర్మా, శ్రీలంకల నుండి వచ్చినవారి పునరావాసం కోసం 1969లో చెన్నై కేంద్రంగా రెప్కో బ్యాంకు ఏర్పడింది. విశాఖపట్నంలోని 'బర్మా క్యాంపు' అనే పేరు ఆ చరిత్రకు నేటికీ సాక్ష్యం. 1942లో వచ్చినవారు, 1964లో వచ్చినవారు అనుభవించిన బాధలో పోలిక ఉంది. రెండవవారికి అదనంగా దక్కినది రాజ్యం ఇచ్చిన గుర్తింపు.

5. నేటి అన్వయం

బర్మా 1982 పౌరసత్వ చట్టం అరకాన్‌లోని రోహింగ్యాలను దేశం లేనివారిని చేసింది. వారిలో కొందరు నేడు హైదరాబాదు పరిసరాలలోని బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకుంటున్నారు. ఒకనాడు తెలుగువారు నడిచి వచ్చిన అరకాన్ నుండే వీరూ వచ్చారు. భారతదేశం 1951 శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ చేయలేదు. చక్మాల వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కానివారికి కూడా వర్తిస్తుందని స్పష్టం చేసింది. 2021లో రోహింగ్యాల విషయంలో ఆ సూత్రాన్ని అంగీకరిస్తూనే, దేశం నుండి పంపివేయబడకుండా ఉండే హక్కు పౌరుల నివాస హక్కుతో ముడిపడినదని పేర్కొంది. అంటే ప్రాణానికి రక్షణ ఉంది. ఉండడానికి చోటుపై హక్కు లేదు. ఇది 1942 కాందిశీకుని స్థితికి దగ్గరగా ఉంది.

6. ముగింపు

వచ్చినవారికి గంజి పోయడం స్థానికుల మంచితనం. వారు నిలదొక్కుకోవడం మాత్రం చట్టం ఇచ్చే గుర్తింపుపై ఆధారపడుతుందని ఈ రెండు సందర్భాల పోలిక నిరూపిస్తున్నది. రంగం వలసను పాటలలోనూ జ్ఞాపకాలలోనూ నిలుపుకున్న తెలుగు సమాజం దానిని హక్కుల చరిత్రగా కూడా చదువుకోవాలి. 1964లో బాల్యంలో ఓడ దిగినవారు నేడు వృద్ధులు. వారి మౌఖిక కథనాలను సేకరించడం తెలుగు పరిశోధకులు జాగు చేయకూడని పని. తమవారు ఒకనాడు పరాయి దేశంలో పరదేశులై, సొంత దేశంలో కాందిశీకులై జీవించారని తెలిసిన సమాజం, తన గుమ్మం ముందు నిలిచినవారి హక్కును గుర్తించే బాధ్యత నుండి తప్పుకోలేదు.