ఎక్స్‌రే నుండి ఎం.ఆర్.ఐ. దాకా: మన ప్రాంతపు వెన్నెముక చరిత్ర

ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన వ్యాసం ఒకటి పంపమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. నేను డాక్టరును కాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కార్యాలయాలలో ఫైళ్లు నడిపి పదవీ విరమణ చేసిన గుమాస్తాను. అయితే ఆ సర్వీసులో కొన్నేళ్లు గ్రామీణ నీటి సరఫరా సెక్షన్‌లో గడిచాయి. పల్లెల నుండి వచ్చే నీళ్ల సీసాల పరీక్షా ఫలితాలను రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఫ్లోరైడ్ అంకె లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసేవాళ్లం. మా సెక్షన్‌లో ఎర్ర పెన్సిలు తొందరగా అరిగిపోయేది. ఈ వ్యాసం వ్రాయడానికి నాకున్న అర్హత అంతే.

ఇప్పుడు ఏ ఇద్దరు పెన్షనర్లు కలిసినా మెడ పట్టేసిందనో, నడుము వంగడం లేదనో, ఫిజియోథెరపీకి పోతున్నాననో, ఎం.ఆర్.ఐ. తీయించమన్నారనో మాట రాక తప్పదు. వేరే జిల్లాలో అయితే ఇది వయసు మీద పడ్డ బాధే అనుకోవచ్చు. మన దగ్గర మాత్రం ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగినారు? ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన దేశంలో మనుషుల ఎముకలను ఫ్లోరైడ్ పాడు చేస్తున్నదని వైద్యులు మొదట గుర్తించింది తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఈ రోగాన్ని వివరంగా వ్రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అవి. ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు అన్నమాట. నైజాం ఇలాకాలో ఉన్న మన నల్లగొండ సంగతి 1945లో డాక్టర్ దావర్ వైద్య పత్రికకు ఎక్కించారు. ఆ తరువాత 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ గారి వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దాని పేరులోనే నల్లగొండ జిల్లా ఉన్నది. సరిగ్గా ఆ సంవత్సరం డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఒక పక్క లండన్ పత్రికలో మన రోగం, ఇంకొక పక్క కృష్ణ ఒడ్డున మన ఆశ. రెండింటికీ పొత్తు కుదరడానికి చాలా కాలం పట్టింది.

రోగానికి మూలం మన రాళ్లలోనే ఉన్నది. నల్లగొండ గులాబీ రంగు గ్రానైటులో ఫ్లోరిన్ ఖనిజాలు ఎక్కువ. ఎన్నో ఏళ్లు రాతి పగుళ్లలో నిలిచిన నీటిలోకి అది కరిగి దిగుతుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ. పాత చేదబావులు ఎండిపోయి బోరింగులు వచ్చాక ఇంకా లోతు నీళ్లు తాగవలసి వచ్చింది. పాలమూరు జిల్లాలోనూ అనేక మండలాలకు ఇదే గతి. ఫ్లోరైడ్ రుచికి తెలియదు, వాసనకు తెలియదు. నీళ్లు కాగబెడితే పోదు సరికదా, ఆవిరి పోయి మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది.

ఆ రోజుల్లో రోగం పట్టుకోవడానికి ఉన్న సాధనం ఎక్స్‌రే ఒక్కటే. ఎముకలో ఫ్లోరైడ్ పేరుకున్న కొద్దీ అది చిక్కబడి ఫిల్ము మీద సున్నం కొట్టినట్టు తెల్లగా కనబడుతుంది. అంతకంటే నమ్మకమైన గుర్తు ముంజేతిలో ఉన్నది. ముంజేతి రెండు ఎముకల నడుమ సన్నని పొర ఒకటి ఉంటుంది. మామూలు మనిషికి అది ఫిల్ములో కనబడదు. ఫ్లోరోసిస్ వచ్చినవారికి ఆ పొర గట్టిపడి, ఎముక అంచు నుండి ముళ్లు మొలిచినట్టు అగుపిస్తుంది. నడుము నొప్పి అని పోయినవానికి చేతి ఎక్స్‌రే తీస్తే డాక్టరుకు మతిపోయిందని జనం అనుకునేవారు. ఆ డాక్టరు మన జిల్లా తెలిసిన డాక్టరు.

అయితే ఎక్స్‌రేకు ఒక పరిమితి ఉన్నది. ఎముక ఎంత ముదిరిందో అది చెప్పగలదు గాని, లోపలి వెన్నుపాము ఎంత నలిగిందో చెప్పలేదు. వెన్నుపూసలను కలిపి పట్టే పట్టీలు కూడా ఫ్లోరైడ్ వల్ల రాయిలా గట్టిపడి, లావెక్కి, వెన్నుపాము పోయే దారిని ఇరుకు చేస్తాయి. మొదట కాళ్లు తిమ్మిరి, తరువాత బిగుసుకుపోవడం, చివరకు మంచం. పాటియాలాలో పనిచేసిన సింగ్, జాలీ మొదలైన వైద్యులు 1960ల మొదట్లో పంజాబు రోగులలో ఈ నరాల దెబ్బను వర్ణించారు. మన వైపు ఆ పని చేసినవారిలో ముఖ్యులు హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు. పాత నాణేల మీద పుస్తకాలు వ్రాసిన రాజారెడ్డి గారూ వీరే. మట్టిలో దొరికిన నాణెం మీది అక్షరాలు చదివే ఓపిక, ఎముకల మీది వ్రాత చదవడానికీ పనికివచ్చిందేమో!

వెన్నుపాము నలుగుడు చూడాలంటే అప్పట్లో మైలోగ్రామ్ చేసేవారు. నడుములో సూది గుచ్చి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం. ఫ్లోరోసిస్ రోగికి అదే పెద్ద చిక్కు. గట్టిపడ్డ పట్టీల గుండా సూది దిగదు. పరీక్ష ఎవరికి అన్నిటికంటే అవసరమో వారికే అది చేయడం కష్టం.

ఇక్కడ ఒక సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోవాలి. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు లాన్సెట్ పత్రికలో నల్లగొండ పిల్లల దొడ్డికాళ్ల గురించి ప్రకటించారు. నిలబడితే మోకాళ్లు రెండూ తగిలి పాదాలు దూరంగా ఉండే ఆ పిల్లలను మనలో చాలామంది చూసినవారమే. సాగర్ జలాశయం నిండాక చుట్టుపక్కల భూగర్భ జలం పైకి రావడం, నేల గుణం మారడం, అక్కడి జొన్నలో మాలిబ్డినం పెరగడం దీనికి తోడై ఉండవచ్చునని అప్పట్లో ఆలోచించారు. అదే 1973లో అమెరికాలో లాటర్‌బర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నేచర్ పత్రికలో, అయస్కాంతం సహాయంతో వస్తువు లోపలి బొమ్మ తీయవచ్చునని చూపారు. బొమ్మగా ఆయన తీసింది సన్న గాజు గొట్టాలలోని నీళ్లను. 1977 జూలై 3న డామేడియన్ బృందం మొదటిసారి మనిషి ఛాతీ బొమ్మ తీసింది. ఒక్క బొమ్మకు దాదాపు ఐదు గంటలు పట్టింది. లాటర్‌బర్‌కు, ఇంగ్లండుకు చెందిన మాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎం.ఆర్.ఐ. చూసేది ప్రధానంగా నీటినే. మన ఒంటి నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కణాలను పెద్ద అయస్కాంతం ఒక వరుసలో నిలబెడుతుంది. రేడియో తరంగంతో వాటిని కదిలించి, తిరిగి సర్దుకునేటప్పుడు అవి ఇచ్చే సంకేతాన్ని కంప్యూటరు బొమ్మగా మారుస్తుంది. సాధారణంగా వాడే ఒకటిన్నర టెస్లా యంత్రపు బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. ఎక్స్‌రేలో తెల్లగా వెలిగే ఫ్లోరైడ్ ఎముక ఇందులో నల్లబడుతుంది, ఎందుకంటే చిక్కబడ్డ ఎముకలో నీరు తక్కువ. ఆ నలుపు నడుమ వెన్నుపాము, దాని చుట్టూ తెల్లని ద్రవం స్పష్టంగా కనబడతాయి. ఏ పూస దగ్గర ద్రవం గీత తెగిందో, ఎక్కడ వెన్నుపాము నలిగి లోపల మచ్చ పడిందో సూది గుచ్చకుండానే తెలుస్తుంది. నీటితో వచ్చిన రోగాన్ని ఒంట్లో నీటినే చూసి తూకం వేసే యంత్రం ఇది.

హైదరాబాద్‌లో నిజాం ఎముకల ఆసుపత్రిగా మొదలైన సంస్థ 1980లలో నిమ్స్‌గా మారింది. దాని తొలి డైరెక్టరు డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు అమెరికా నుండి వచ్చిన రేడియాలజిస్టు. ఎముకల ఫిల్ములు చదవడంలో ఆయనది పెద్ద చేయి. ఆయన 2021లో కాలం చేశారు. ఎముకల దవాఖానకు ఎక్స్‌రే చదివే పెద్దమనిషి దొరకడం మన అదృష్టమని నేను అనుకుంటాను.

ఇక ఫిజియోథెరపీ విషయం. ఈ చరిత్ర అంతా చెప్పింది దీని కోసమే. నాతో పనిచేసిన మునుగోడు వైపు మిత్రుడు ఒకరు మెడ నొప్పికి ఒక క్లినిక్‌కు పోయినారు. పాత ఫిల్ము అడగకుండా, కొత్తది తీయకుండా, మెడకు బరువులు కట్టి లాగినారు. మరునాడు మెడను చేత్తో పట్టి ఒక్క విసురు తిప్పినారు. ఆ రాత్రి నుండి రెండు చేతులూ తిమ్మిరి. వారం తిరిగేసరికి చెప్పు కాలి నుండి జారినా తెలియని స్థితి. తరువాత తీసిన ఎం.ఆర్.ఐ.లో మెడ పూసల వద్ద గట్టిపడ్డ పట్టీ వెన్నుపామును మూడు చోట్ల నొక్కుతున్నదని తేలింది. ఆపరేషన్ చేసి వెనుక వైపు ఎముక తీసి దారి వెడల్పు చేశారు. ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ. ఈసారి బొమ్మ చూసి నేర్పినవారు దొరికారు. మంచం మీద తొడ కండరం బిగించి వదలడం, నిండా గాలి పీల్చడం, కమ్ముల మధ్య నడక, గిన్నెలో శనగలు ఒక్కొక్కటి ఏరడం. ఇప్పుడు చేతికర్రతో బజారుకు పోతారు. చొక్కా గుండీలు మాత్రం నేటికీ వారి శ్రీమతి గారే పెడతారు.

గాలి పీల్చే కసరత్తు ఎందుకంటే, ఫ్లోరోసిస్ ముదిరితే పక్కటెముకలు వెన్నుకు బిగుసుకుపోయి రొమ్ము విచ్చుకోదు. ఇలాంటి మనిషికి మెడ లాగడం, విసురుగా తిప్పడం, నడుము మీద నిలబడి తొక్కించడం ప్రమాదం. చిన్నగా కాలు జారి పడినా నలిగి ఉన్న వెన్నుపాము పూర్తిగా దెబ్బతినవచ్చు. అందుచేత స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ కూడా చికిత్సలో భాగమే. నెమ్మదైన కదలిక మేలు, బలవంతపు కదలిక కీడు. ఏది ఎంతవరకు అన్నది బొమ్మ చూసినవారు చెప్పాలి.

అలాగని నొప్పి వచ్చిన ప్రతి ఒక్కరూ స్కానుకు పరుగెత్తనక్కరలేదు. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, వారిలో 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబికి ఉన్నది. ఏ బాధా లేనివారికే ఇట్లా ఉంటే, మన వయసువారి రిపోర్టులో డిస్కు అన్న మాట చూసి బెంగపడడంలో అర్థం లేదు. ఆటగాళ్ల వైద్యంలో ఈ యంత్రం బాగా వాడుకలోకి రావడానికి కారణం వేరు. మోకాలి లోపలి లిగమెంటు తెగితే ఎక్స్‌రేలో కనబడదు, ఇందులో కనబడుతుంది. మన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో మోకాలు తీవ్రంగా దెబ్బతిన్నది. ఆపరేషన్, కసరత్తుల తరువాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆటగానికి కాలు తిరిగి పరుగెత్తడం ముఖ్యం. మనకు మెట్లు దిగడం ముఖ్యం. బొమ్మ చూసి కసరత్తు నిర్ణయించే పద్ధతి మాత్రం ఒకటే.

నడకలో తూలడం, కాళ్లు బిగుసుకోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం, మూత్రం పట్టు తప్పడం. ఇవి కనబడితే ఆలస్యం చేయరాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, ఒంట్లో పాత లోహపు ముక్కలు ఉన్నవారు ఆ సంగతి స్కాను గది బయటే చెప్పాలి.

నీటి సంగతి రెండు మాటలు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియాలో సైతం ఆ పేరుతో వాడారు. మన పల్లెలలో రోజూ పటిక కలిపి, అడుగున దిగిన మడ్డి ఎత్తిపోసే ఓపిక ఎవరికీ లేక చాలా చోట్ల మూలబడింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో సాగునీరు, తాగునీరు కోసం నిరసనగా నల్లగొండ నుండి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. ఎలక్షన్ డ్యూటీ చేసిన మన సభ్యులకు దాని బరువు ఇంకా జ్ఞాపకమే. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు పైపులలో ఊళ్లకు వచ్చాయి. ఈనాటి పిల్లలకు ఆ దొడ్డికాళ్లు రావలసిన అవసరం లేదు.

కాని ఎముకలో ఒకసారి చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి దిగదు. 1973 నాటి పత్రికలోని పిల్లల ఈడువారు ఇప్పుడు అరవై దరిదాపులలో ఉన్నారు. వారిలో మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు, కుటుంబ పెన్షను తీసుకునే అక్కలూ ఉన్నారు. వారి పాత ఎక్స్‌రేలు మడతపెట్టకుండా, ఎండ తగలకుండా బీరువాలో పెట్టించండి. కొత్త ఫిజియోథెరపిస్టు దగ్గరికి మొదటి రోజే వాటిని వెంట తీసుకుపోవాలి, ముంజేతి ఫిల్ము ఉంటే అది అన్నిటికంటే పైన పెట్టాలి.