వీధిబడియు గ్రామజనులును: 1823 నాటి బళ్ళారి సాక్ష్యము

ఆంగ్లప్రభుత్వము పాఠశాలలను నెలకొల్పుటకు పూర్వము తెలుగునాట బాలుర చదువునకు ప్రధానాధారము వీధిబడి. దానిని పోషించినవారెవరు? ఆ పోషణ సన్నగిల్లినపుడు ఏమి జరిగినది? ఈ ప్రశ్నలకు బళ్ళారి జిల్లా నివేదికయొకటి విలువైన సాక్ష్యము నొసగుచున్నది.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టర్లను కోరెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఎ. డి. కాంబెల్ అప్పటికి బళ్ళారి కలెక్టరు. 1823 ఆగస్టులో ఆతడు పంపిన నివేదిక ప్రకారము జిల్లాలో 533 పాఠశాలలును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. వానిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. అనంతపురము 1882లో వేరు జిల్లా యగువరకు బళ్ళారిలోనిదే కనుక ఈ లెక్కలలో ఆ సీమ బడులును చేరియున్నవి.

బాలునకు ఐదవయేట శుభదినమున ఉపాధ్యాయుడును విద్యార్థులును ఆతని యింటికే పోయెడివారు. వినాయకుని ప్రతిమయెదుట, బియ్యములో, బాలుని వ్రేలు పట్టి అక్షరములు దిద్దించెడివారు. తల్లిదండ్రులు గురువునకు కానుక నిచ్చెడివారు. చదువు బడిలోగాక యింటిలో ఆరంభమగుట గమనింపదగినది. పిమ్మట గురువునకు జీవనాధారము పిల్లల యిండ్లనుండి వచ్చు జీతమే. దసరాలో పిల్లలు విల్లంబులు చేతబూని, గురువు వెంట ఇంటింటికి పోయి పద్యములు పాడి కానుకలు గైకొను తెలుగునాటి ఆచారము కేవలము వేడుక కాదు. బడికి ఊరు చెల్లించు వార్షికమని చెప్పవచ్చును.

ఈ ఏర్పాటునకు బలమెక్కడనో బలహీనతయు నక్కడనే. ఆ 533 బడులలో ఒక్కదానికిని ప్రభుత్వసహాయము లేదని కాంబెల్ సిగ్గుతో నొప్పుకొనెను. ఐరోపా వస్త్రముల రాకతో నేతపనివారి బ్రతుకు దెబ్బతినెను, దేశము పేదదయ్యెను, జీతమిచ్చుకొనలేని తల్లిదండ్రులు పిల్లలను పనికి పంపిరి. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో అవి లేకపోయినవని ఆతడు వ్రాసెను. తల్లిదండ్రులకు చదువుపై మక్కువ తగ్గి కాదు, శక్తి తగ్గి బడులు మూతపడినవన్నమాట.

మరియొక కొరత ఆ లెక్కలలోనే కలదు. 6,641 మందిలో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. ఊరు పోషించిన బడి ఊరివారందరి బడి కాలేదు. ఎవరి చదువును ఇల్లు కోరలేదో వారికి ఆ బడి తలుపు తెరువలేదు.

కావున వీధిబడిని స్వర్ణయుగముగ కీర్తించుటయు, అనాగరికమని త్రోసివేయుటయు రెండును సరికావు. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాలా యాజమాన్యసంఘములలో మూడువంతుల స్థానములు తల్లిదండ్రులకును సంరక్షకులకును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలకును కేటాయించినది. ఇంటికిని బడికిని గల ప్రాతబంధమును ఇట్లు పునరుద్ధరించుట మంచిదే. కాని తల్లిదండ్రుల శ్రద్ధ ప్రభుత్వధనమునకు తోడు కావలెనేగాని ప్రత్యామ్నాయము కారాదు. బళ్ళారి చరిత్ర చెప్పు పాఠమిదియే.