కరిగిన ఇనుముకు గాలి తగలరాదు



ట్రాలీ కొక్కెం విరిగిందనుకోండి. పట్నంలో ఎవరో పాత మిగ్ వెల్డింగు మిషను అమ్ముతూంటే చవకగా వస్తుంది గదా అని తెచ్చుకున్నారు. దానితో గ్యాసు సిలిండరు రాలేదు. దుకాణదారు, “గ్యాసు అక్కరలేని తీగ వుందండీ, ఇది ఎక్కించుకోండి” అని ఒక తీగచుట్ట చేతికిచ్చాడు. మీరు ఎక్కించారు, అతుకు వేశారు. నిప్పురవ్వలు విపరీతంగా లేచినవి. ఎలాగో అతుకు పడింది. మరునాడు ధాన్యం బస్తాలతో గట్టు ఎక్కేసరికి కొక్కెం ఊడి వచ్చింది. వెనుక మనిషి ఎవరూ లేకపోవడం అదృష్టం.

మరి తప్పు ఎవరిది? మిషనుదా, తీగదా? తరచు రెండింటిదీ కాదు. తప్పు ఎక్కడున్నదో తెలియాలంటే ఈ మిషను పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకోవాలి.

వెల్డింగు చరిత్ర అంతా ఒక్క శత్రువుతో చేసిన పోరాటం. ఆ శత్రువు గాలి. కరిగిన ఇనుముకు గాలి తగిలితే అందులోని ఆక్సిజను, నైట్రోజను లోపలికి చేరతాయి. అతుకు చల్లారేసరికి లోపల బుడగలు మిగులుతాయి, లోహం పెళుసెక్కుతుంది. ఈ సంగతి మనకు కొత్త కాదు. కంసాలి అతుకు పెట్టేముందు వెలిగారం అద్దడం మీరు చూసే వుంటారు. వెలిగారం కరిగి, లోహం మీది మకిలిని విడగొట్టి, పైన పొరలాగా కప్పి గాలిని దూరంగా వుంచుతుంది.

1880లలో రష్యా సామ్రాజ్యంలో నికొలాయ్ బెనార్డోస్ బొగ్గు కడ్డీతో విద్యుత్ జ్వాల పుట్టించి లోహాలను అతికాడు. 1888లో స్లావ్యానోవ్ బొగ్గు బదులు లోహపు కడ్డీనే వాడాడు. జ్వాల పుట్టించేదీ కడ్డీయే, కరిగి అతుకులో చేరేదీ కడ్డీయే. అయితే అది బోసి కడ్డీ గనుక గాలి బాధ తప్పలేదు. 20వ శతాబ్దం మొదట్లో స్వీడను దేశీయుడు ఆస్కార్ షెల్‌బెర్గ్ కడ్డీకి పైపూత పూశాడు. ఆ పూత కాలి పొగగా చుట్టూ కమ్ముతుంది, కరిగి చిట్టెంగా అతుకు మీద కప్పుతుంది. ఈనాటికీ మన ఊళ్ళలో గేట్లూ నాగళ్ళూ అతికే కడ్డీ వెల్డింగు ఆ సంతతిదే.

కాని కడ్డీ చిన్నది. అయిపోయినప్పుడల్లా ఆపి ఇంకొకటి బిగించాలి. తీగను చుట్టగా పెట్టి, ఆగకుండా తనంతట తానే వచ్చేట్టు చేస్తే? 1920 నాటికే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో అటువంటి ఏర్పాటు చేశారు. కాని అక్కడా బోసి తీగే. చుట్ట చుట్టే తీగకు పైపూత నిలవదు. పైగా, టార్చి కొసన వున్న రాగి ముక్కును తీగ ఒరుసుకుంటూ రావాలి, అక్కడే దానికి కరెంటు అందాలి. పైన పూత వుంటే కరెంటు అందదు. ఇక్కడే దారి రెండుగా చీలింది.

మొదటిది గ్యాసు దారి. 1894లో గాలిలోనే కనుగొన్న ఆర్గాన్ దేనితోనూ కలవని వాయువు. దానిని టార్చి మూతి నుంచి వదిలితే చుట్టూ వున్న గాలిని తోసివేస్తుంది. 1948లో అమెరికాలోని బాటెల్ పరిశోధన సంస్థలో సన్నని తీగ, గ్యాసు తెర కలిపి వాడే పద్ధతి రూపు దిద్దుకున్నది. అదే మిగ్. ముందు అల్యూమినియం కోసం వచ్చింది. ఇనుముకు ఆ గ్యాసు ఖరీదు ఎక్కువ. 1953లో సోవియట్ దేశంలో ల్యుబావ్‌స్కీ, నొవోషిలోవ్ అనే ఇద్దరు చవకైన కార్బన్ డయాక్సైడుతో ఉక్కును అతకవచ్చని చూపించారు. దానితో ఈ పద్ధతి చిన్న షెడ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది.

రెండవది పొడి దారి. పూత పైన నిలవకపోతే లోపలనే పెడదామన్నారు. తీగను సన్నని గొట్టంగా చేసి అందులో ఫ్లక్సు పొడి కూరారు. తొలుత దీనికి కూడా బయటి గ్యాసు తోడుగా వాడారు. 1950ల చివర అమెరికాలో లింకన్ కంపెనీ బయటి గ్యాసు అసలే అక్కరలేని తీగను అమ్మకానికి తెచ్చింది. పొడి కాలినప్పుడు పుట్టే వాయువూ, పైన కప్పే చిట్టెమూ కాపుదల చేస్తాయి. పొలంలో గాలి వీస్తే గ్యాసు తెర చెదిరిపోతుంది. ఆరుబయట పనికి ఈ తీగే నయం.

ఇప్పుడు అసలు కీలకం వినండి. ఈ రెండు దారులకూ కరెంటు దిక్కు వేరు. గ్యాసుతో వాడే గట్టి తీగకు టార్చి ప్లస్సు మీద, ఇనుముకు తగిలించే క్లాంపు మైనస్సు మీద వుండాలి. గ్యాసు లేకుండా చిన్న మిషన్లలో వాడే పొడి తీగకు సాధారణంగా ఇది తలక్రిందులు. టార్చి మైనస్సు, క్లాంపు ప్లస్సు. తీగ పెట్టె మీద రాసినదే తుదిమాట. పాత మిషను గ్యాసుకు అమర్చి వుండగా పొడి తీగ ఎక్కిస్తే రవ్వలు లేస్తాయి, బుడగలు పడతాయి, అతుకు ఇనుములోకి దిగదు. మన కొక్కెం ఊడిన కారణం ఇదే కావచ్చు!

అందుచేత పాత మిషను కొన్నవారు ముందు ప్లగ్గు పీకి, తీగచుట్ట వుండే ప్రక్క తలుపు తెరవండి. చాలా మిషన్లలో తీగను నడిపే చక్రాల దగ్గర రెండు బోల్టులు, ప్లస్సు మైనస్సు గుర్తులతో వుంటాయి. వాటి మీది తీగలను మార్చుకోవచ్చు. కొన్నిటిలో ఆ వసతి లేదు. టార్చి తీగ లోపలనే బిగించి వుంటుంది. అటువంటిదాన్ని తెలిసిన ఎలక్ట్రీషియనుకు చూపాలి గాని, మనమే డబ్బా విప్పరాదు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి వుండవచ్చు.

చక్రాలూ చూడండి. గట్టి తీగకు నున్నని పదునైన గాడి, మెత్తని పొడి తీగకు గరుకు పళ్ళున్న గాడి వుండాలి. ఎక్కువ బిగిస్తే పొడి తీగ నలిగిపోతుంది. గ్యాసు వాడితే నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. సిలిండరును గోడకు గొలుసుతో కట్టండి. ఆర్గానయినా, కార్బన్ డయాక్సైడయినా మూసిన గదిలో నిండితే ఊపిరాడదు, తలుపులు తెరిచి వుంచండి.

ఆపైన పాత ఇనుపముక్క మీద ఒక అతుకు వేసి, చల్లారాక బిగించి సుత్తితో విరగ్గొట్టి చూడండి. విరిగినచోట తేనెపట్టులాగ రంధ్రాలు కనిపిస్తే అమరిక ఇంకా కుదరలేదన్నమాట. ట్రాలీ కొక్కెం, మనుషులెక్కే బండి, ఇటువంటివి మాత్రం చేయి తిరిగిన వెల్డరు చేతనే చేయించండి.

పాత మిషను పాడైనదని పారెయ్యకముందు, అది ఏ దారిన వచ్చిందో, మీ తీగ ఏ దారిదో అడగండి. రెండూ ఒక దారిన కుదిరితే పాత మిషను కూడా చక్కగా పని చేస్తుంది. కుదరకపోతే కొత్త మిషను కూడా కొక్కెం ఊడేట్టే చేస్తుంది.